వెయ్యి మీటర్ల కింద

మా కొండల్లో ఒక చట్టం ఉంది. ఎవరు పెట్టారో తెలీదు, ఎక్కడా రాసి లేదు, అయినా ఎవరూ తప్పరు. వెయ్యి మీటర్ల ఎత్తు దాటి పైకెక్కామంటే అందరూ అందరినీ నువ్వే అనాలి. కింద డాక్టరుగారు, జడ్జీగారు, మేనేజరుగారు. పైన ఉత్త పోల్డి, ఫెర్డి, రెజి. ఊపిరే బరువైన చోట గారూ, అండీ కూడా మోయడం ఎందుకని పాతకాలంవాళ్ళు అనుకుని ఉంటారు. కిందికి దిగి ఆ గీత దాటగానే ఎవరి మర్యాద వాళ్ళకి తిరిగొచ్చేస్తుంది. పైన మీ భుజం మీద చెయ్యేసి సారా తాగిన డాక్టరుగారిని సోమవారం ఆసుపత్రిలో నువ్వని చూడండి, సూది కాస్త లావుపాటిది వెతుకుతాడు.

ఈ చట్టం పుణ్యమా అని ఇంటివాడౌదామనుకున్న మనిషి మా స్టైన్‌విస్ ఊరు మొత్తానికి ఒక్కడే. అతని పేరు సెవెరిన్ ఐగ్నర్.

సెవెరిన్ టూరిస్టు ఆఫీసులో పనిచేస్తాడు. పిల్లలున్న కుటుంబం ఈ సాల్జ్‌కామర్‌గూట్ సరస్సుల సీమలో ఒకరోజు ఎలా గడపాలో అతన్ని అడగాలి. ఎండ కాస్తే పడవ, వాన పడితే ఉప్పుగని, ఎండో వానో తేలకపోతే మంచుగుహ. బుడతలకు మేకల పార్కు, కాస్త ఎదిగినవాళ్ళకు కొండవాలు మీద జారుడుబండి. చంకలో ఒకడు, చేతికి ఒకడు, ఇద్దరూ రాగం తీస్తుండగా వచ్చిన తండ్రులు కూడా అతనిచ్చిన కరపత్రం పట్టుకుని నవ్వుతూ వెళ్ళేవాళ్ళు. అతనికి మాత్రం పిల్లల్లేరు. ఇల్లు కట్టి చూశాడు, పెళ్ళి చేసుకుని చూడలేదు.

రెండేళ్ళ కిందట రోస్విథా పరిచయమైంది. రేవు దగ్గర పడవ టికెట్లు అమ్ముతుంది. భర్త లింట్జ్‌లో ఇంకో సంసారం పెట్టుకున్నాడు. కూతురు ఫీనీ తల్లి దగ్గరే ఉంటుంది. అసలు పేరు జోసెఫీనే, ఇప్పుడు పదేళ్ళు. మొదటిసారి తల్లితో ఆఫీసుకి వచ్చినప్పుడు కౌంటరు అవతలినుంచి సెవెరిన్, "నీ పేరేంటి పాపా?" అన్నాడు. "ఫీనీ అండీ. మీ పేరు?" అంది. ఆఫీసులో మనిషిని మీరనడం సబబే. చిక్కేమిటంటే ఆ పిల్ల ఆ 'మీరు'ని ఆఫీసు బయటికి కూడా తీసుకొచ్చింది.

మా వైపు పిల్లలు బడిలో టీచర్లని మీరంటారు, పోలీసుని మీరంటారు. అమ్మ వెంట ఇంటికొచ్చి, సోఫాలో కూర్చుని, సూపు తాగేవాణ్ణి మీరనరు. పెద్దవాళ్ళని మీరనడం మంచిదే కదా, ఇందులో ఏడవడానికేముంది అంటారేమో. రోజూ రాత్రి భోజనం దగ్గర "ఐగ్నర్ గారూ, ఉప్పు ఇలా జరుపుతారా?" అనిపించుకుని చూడండి, తెలుస్తుంది.

సెవెరిన్ తనకు తెలిసిన విద్యంతా వాడాడు. మంచుగుహకి తీసుకెళ్ళాడు. "ధన్యవాదాలండీ, చల్లగా ఉంది," అంది ఫీనీ. ఉప్పుగనిలో కొయ్య జారుబండ మీద ముందు తను కూర్చుని, వెనక ఆమెని కూర్చోబెట్టుకుని చీకట్లోకి జారాడు. ఎవరైనా కెవ్వుమనే చోటది. ఫీనీ కిందికి దిగాక, "మీ టోపీ నా ముక్కుకి తగిలింది," అని చెప్పింది. మేకల పార్కులో మేకని నువ్వంది.

అలా రెండేళ్ళు గడిచాయి. జులైలో రోస్విథా తేల్చి చెప్పేసింది.

"బడి తెరిచేలోపు నీ ఇంటికి వచ్చేద్దామనే ఉంది సెవెరిన్. కానీ పిల్ల నిన్ను మీరంటుంటే రాను."

"అదేంటి? మర్యాదే కదా."

"మర్యాదా, నా బొందా! మీరు, గారు, దయచేసి, ధన్యవాదాలు. అది ఇల్లవుతుందా? ఆఫీసవుతుంది. దాన్ని ఆఫీసులో పెంచను."

"పోనీ నువ్వు చెప్పొచ్చుగా దానికి?"

"నేను చెప్తే అంటుంది. ఎవరిక్కావాలి అలా అనడం?"

ఆ రోజునుంచీ అతనికి నిద్ర సరిగ్గా పట్టలేదు. ఆగస్టు గడిచిపోయింది. బడి తెరిచేముందు ఆఖరి శనివారం మిగిలింది. అప్పుడు గుర్తొచ్చింది కొండమీది చట్టం. ఒక్కసారి పైన నోటివెంట వచ్చిందంటే అలవాటైపోతుంది, కిందికి కూడా అలాగే దొర్లుకుంటూ వచ్చేస్తుంది అనుకున్నాడు. నలభై దాటిన మగవాడు, ఇంగితం ఉన్నవాడు, అంతకన్నా మంచి ఉపాయం తట్టలేదు మహానుభావుడికి.

కొండకి బయల్దేరిన సెవెరిన్, ఫీనీలిద్దరికీ పొద్దున్నే రేవులో రోస్విథా టికెట్లిచ్చింది. సెవెరిన్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, పాలిష్ పెట్టిన పల్చటి తోలు బూట్లు తొడుక్కుని వచ్చాడు.

"ఈ బూట్లతో కొండకా?" అంది రోస్విథా.

"రైల్లో ఎక్కి రైల్లో దిగుతాంగా."

"ఇలాంటి బూట్లేసుకొచ్చేవాళ్ళని ఆఫీసులో తిట్టేది నువ్వే కదూ?"

"వాళ్ళు టూరిస్టులు," అన్నాడు సెవెరిన్.

ఫీనీ కొండ బూట్లు వేసుకుంది. వీపున సంచీ. సంచీలో జున్ను రొట్టె, వానకోటు, నీళ్ళసీసా. పడవ కదిలాక రెయిలింగు పట్టుకుని నిలబడింది. సరస్సు నిశ్చలంగా ఉంది. సెవెరిన్ ఆమె పక్కకి చేరి ఏదో ఒకటి మాట్లాడాలని, "ఈ సరస్సు లోతెంతో తెలుసా?" అన్నాడు.

"తెలుసండీ. పోయిన వేసవిలో మీరే చెప్పారు. అంతకుముందు వేసవిలో కూడా చెప్పారు."

అవతలి ఒడ్డున కొండెక్కే పళ్ళచక్రాల రైలు సిద్ధంగా ఉంది. ఒకే పెట్టెలో ఇరుక్కుని కూర్చున్నారు జనం. ఎదురుగా వియన్నానుంచి వచ్చిన కుటుంబం, భార్యాభర్తలు, కవలలు. సెవెరిన్ మొహంలోనే ఏదో బోర్డు వేలాడుతుంటుంది కాబోలు, ఆ భర్త కూర్చున్న కాసేపటికే, "ఏవండీ, పిల్లలతో చూడదగ్గవి ఇక్కడ ఇంకేమున్నాయండీ?" అని అడిగాడు. సెవెరిన్ దారి పొడుగునా చెప్పాడు. ఫీనీ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

రైలు గార్డు హియాస్ సెవెరిన్‌తో కలిసి చదువుకున్నవాడు. వెయ్యి మీటర్ల రాయి దగ్గరికి రాగానే ప్రతి సవారీలోనూ అరిచే అరుపు అరిచాడు.

"గీత దాటాం! ఇక్కణ్ణించీ గారూ లేదు, గీరూ లేదు! అందరూ అందరికీ నువ్వే! కాదన్నవాణ్ణి దింపేస్తాం!"

పెట్టెంతా నవ్వులు. వియన్నా మనిషి సెవెరిన్‌తో చెయ్యి కలిపి, "నా పేరు గెర్నోట్. నువ్వు?" అన్నాడు. అతని భార్య ఫీనీకి బిస్కెట్టు ఇచ్చింది. "నువ్వు కూడా తీసుకో," అని ఫీనీ ఆమెకి తన రొట్టెలో ముక్క విరిచిచ్చింది. సెవెరిన్ ముందుకి వంగాడు. ఇక ఏ క్షణమైనా తన వంతు వస్తుందని చెవులు రిక్కించుకున్నాడు.

ఫీనీ అతనివైపు తిరిగింది.

"కిటికీ మూస్తే బాగుంటుంది," అంది.

మూశాడు. కాసేపయ్యాక, "పై అరలోంచి సంచీ దిగితే నీళ్ళు తాగొచ్చు," అంది. సంచీ దింపాడు. ఇంకాసేపటికి, "మోచెయ్యి గుచ్చుకుంటోంది," అంది. ఎవరి మోచెయ్యో చెప్పలేదు. సెవెరిన్ మోచెయ్యి తీసుకున్నాడు. మీరూ లేదు, నువ్వూ లేదు. పెట్టెలో అసలతను లేనట్టే మాట్లాడుతోంది పిల్ల. చట్టం తప్పలేదు, అతనికో నువ్వూ విదల్చలేదు.

"ఏరా, ముఖం అలా మాడిపోయింది?" అన్నాడు హియాస్ టికెట్లు చూస్తూ.

"ఎండ," అన్నాడు సెవెరిన్. బయట మబ్బు పట్టి ఉంది.

శిఖరం మీద గుడిసె హోటలు బుర్గి అనే ఆవిడది. పెద్ద గొంతు, పెద్ద మనసు, పెద్ద గరిటె. పెనంమీద అట్టు పోసి, దాన్ని ముక్కలుముక్కలుగా చించి, పైన పంచదార చల్లి, ప్లమ్ పళ్ళ పాకంతో పెడుతుంది. దాని కోసమే కొండెక్కేవాళ్ళున్నారు.

"రా తల్లీ, కూర్చో! ఏం కావాలి నీకు?"

"నీ అట్టు కావాలి," అంది ఫీనీ. "పాకం నువ్వు ఎక్కువ వెయ్యాలి."

"వేస్తా. ఈయన మీ నాన్నా?"

"కాదు. టూరిస్టు ఆఫీసు."

బుర్గి సెవెరిన్‌ని పైనుంచి కిందిదాకా చూసి, అతనికి కూడా పాకం ఎక్కువే వేసింది.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. పక్క బల్ల దగ్గరికి ఒకావిడ కర్ర ఊపుకుంటూ వచ్చి కూర్చుంది. ఫీనీ బడి హెడ్‌మిస్ట్రెస్, డాక్టర్ వాల్బుర్గా షెర్మేర్ గారు. ఆవిడ వరండాలోకొస్తే బళ్ళో ఈగలు కూడా వరసలో నిలబడతాయని స్టైన్‌విస్‌లో అంటారు. ఫీనీ ఆవిణ్ణి చూసింది. లేచి వెళ్ళింది. "సెర్వుస్!" అని తోటిపిల్లని పలకరించినట్టు పలకరించి, "నీ బూటు లేసు ఊడింది. పడతావు," అంది.

హెడ్‌మిస్ట్రెస్ వంగి చూసుకుంది. "అవునే ఫీనీ. మంచిదానివి. నువ్వు కట్టిపెడతావా? నా నడుము వంగదు."

ఫీనీ కట్టింది. "నువ్వు కాలు కదపకు," అని కూడా అంది.

సెవెరిన్ చేతిలో ఫోర్కు అలాగే ఉండిపోయింది. మేకని అంది. వియన్నా ఆవిణ్ణి అంది. వంటావిణ్ణి అంది. ఆఖరికి హెడ్‌మిస్ట్రెస్‌ని, ఆవిడ కాలు పట్టుకుని మరీ అంది. నేను మేక పాటి కూడా చెయ్యనా అనుకున్నాడు. మనసులో ఉక్రోషం పొంగింది. పిల్ల తిరిగొచ్చి కూర్చోగానే రెండేళ్ళుగా దిగమింగుకున్నది కక్కేశాడు.

"అందరినీ నువ్వంటావు. నన్నెందుకనవు?"

ఫీనీ అట్టు ముక్క నమిలింది. మింగింది. మూతి తుడుచుకుంది.

"కిందికెళ్ళాక చెప్పొచ్చు. నడిచి దిగితే బాగుంటుంది," అంది.

నడిచి దిగారు. దారంతా రాళ్ళు, వేళ్ళు, నిన్నటి వాన తాలూకు బురద. తోలు బూట్లు మొదటి మలుపులోనే సంగతి చెప్పాయి. రెండో మలుపు దగ్గర మడమ మీద బొబ్బ లేచింది. తర్వాత రెండో కాలు మీద కూడా లేచింది. పైకెక్కుతున్నవాళ్ళు ఎదురై, "ఏం బ్రదరూ, పెళ్ళికెళ్తున్నావా?" అని పలకరించారు. ఫీనీ ముందు నడుస్తూ ఎక్కడ జారుతుందో అక్కడ ఆగి, "ఇక్కడ జారుతుంది," అని గాలితో చెప్పి మళ్ళీ కదిలింది. సెవెరిన్ కుంటుకుంటూ వెనక నడిచాడు. ఇంటికెళ్ళాక రోస్విథా మొహం ఎలా చూడాలా అన్నదే అతని ఆలోచన. ఈ పిల్లకి తనంటే పడదు. రెండేళ్ళు చాలవా తెలుసుకోవడానికి? ఇక చెప్పడానికేముంది?

పైన్ చెట్లు మొదలైనచోట దారి పక్కన కొయ్య గుంజ, దాని మీద ఎర్ర రంగుతో వెయ్యి అని అంకె. ఫీనీ రెండు కాళ్ళూ దగ్గర పెట్టి గుంజ అవతలికి దూకింది. వెనక్కి తిరిగి నిలబడింది.

"ఐగ్నర్ గారూ, ఇప్పుడడగండి."

"ఏమడగను?"

"పైన అడిగారు కదండీ."

"పైనే చెప్పుండొచ్చుగా! కాళ్ళు ఊడిపోయాయి నాకు."

"పైన మీతో మాట్లాడాలంటే నువ్వనాలి. అనకుండా ఎంతసేపని మాట్లాడతాను? నాకు కూడా కష్టమైంది."

సెవెరిన్ గుంజ దాటి ఓ బండ మీద కూలబడ్డాడు. ఒక బూటు విప్పాడు. "సరే, చెప్పు," అన్నాడు.

"హెడ్‌మిస్ట్రెస్‌ని నువ్వన్నాను. సోమవారం బళ్ళో అనగలనా?"

"చంపేస్తుంది."

"అదే మరి. ఆ నువ్వు కొండమీదిది. అందరికీ ఉట్టినే ఇస్తారు, దిగగానే లాగేసుకుంటారు. మీ దగ్గర నాకు అలాంటిది వద్దు."

"అయితే కింద అనమ్మా! ఎవరొద్దన్నారు? రెండేళ్ళనుంచీ దాని కోసమేగా కాచుక్కూచున్నాను!"

ఫీనీ అతన్ని కాసేపు చూసింది. మొద్దు పిల్లాడికి ఎక్కం చెప్పబోయే టీచరమ్మ చూపది.

"నేనెలా అంటానండీ? చిన్నదాన్ని. పెద్దవాళ్ళు ముందు అడగాలి. చెయ్యి కలిపి, పేరు చెప్పి, నువ్వనుకుందామా అని. విదేశీవాళ్ళు ఆఫీసుకొస్తే మీరే చెప్తారు కదా, పెద్దవాళ్ళు అడిగేదాకా తొందరపడొద్దని. నేను విన్నాను."

"అది పెద్దవాళ్ళకే ఫీనీ. పిల్లలకి అవన్నీ ఉండవు. పిల్లలు ఊరికే అనేస్తారు."

"మీరే ఊరికే అనేశారు!" మొదటిసారి ఆ పిల్ల గొంతు లేచింది. "మొదటి రోజే నన్ను నువ్వన్నారు. అడిగారా? అమ్మని అన్నీ అడుగుతారు. పడవెక్కుదామా రోస్విథా, ఉప్పుగనికి వెళ్దామా రోస్విథా, మా ఇంటికి వచ్చేస్తావా రోస్విథా. నన్ను ఒక్కటంటే ఒక్కటి అడగలేదు. మంచుగుహంటే నాకు భయం. అదీ అడగలేదు."

సెవెరిన్ చేతిలో బూటు పక్కన పెట్టాడు.

"మీకు అమ్మ కావాలి, నేను వద్దు అనుకున్నాను," అంది ఫీనీ. ఈసారి గొంతు తగ్గిపోయింది. బూటు కొసతో మట్టి తవ్వుతోంది. "కావాలనుకుంటే అడిగేవారు కదా. రెండేళ్ళు అడక్కుండా ఎవరుంటారు?"

అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఆ సామెత పిల్లలకి చెప్తాం, పెద్దవాళ్ళకి చెప్పం. పసిదాన్ని బలవంతపెట్టకూడదు, దానంతటదే రావాలి అని ఈ పెద్దమనిషి నోరు కుట్టేసుకుని కూర్చున్నాడు. అదే మంచితనమనుకున్నాడు. గోటితో పోయేదానికి కొండంత గొడ్డలి ఎత్తుకొచ్చాడు. ఈ రెండేళ్ళూ ఆ పిల్ల భోజనం బల్లకి అవతల కూర్చుని, ఉప్పు జరపమని అడుగుతూ, ఇతను అడుగుతాడేమోనని ఎదురుచూసింది. ఆ సంగతి తెలిసేసరికి సెవెరిన్‌కి తనమీద తనకే అసహ్యమేసింది. బొబ్బల నొప్పి కూడా గుర్తులేదు.

లేచి నిలబడ్డాడు. ఒక కాలికి బూటు, ఒక కాలికి మేజోడు. చొక్కా సర్దుకున్నాడు. చేత్తో జుట్టు దువ్వుకున్నాడు. చెయ్యి ముందుకి చాపబోతుండగా మలుపు తిరిగి వియన్నా కుటుంబం దిగింది. గుంజ దాటగానే గెర్నోట్ మళ్ళీ పద్ధతిలో పడిపోయాడు.

"నమస్కారమండీ! మంచి సమయానికి దొరికారు. రేపు వాన పడితే పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్ళమంటారు?"

"నాకు తెలీదండీ," అన్నాడు సెవెరిన్.

ఆ మాట అతని నోటినుంచి రావడం అదే మొదలు. గెర్నోట్ అతని మేజోడు కాలినీ, పిల్ల ఎర్రబడ్డ కళ్ళనీ చూసి, కవలల్ని చెరో చేత్తో పట్టుకుని గబగబా దిగిపోయాడు. వాళ్ళ మాటలు వినపడనంత దూరం వెళ్ళేదాకా సెవెరిన్ ఆగాడు.

"జోసెఫీనే గారూ," అన్నాడు.

ఫీనీ తలెత్తింది. జన్మలో ఎవరూ ఆ పిల్లని గారూ అనలేదు.

"నా పేరు సెవెరిన్. ఇంతకాలం మిమ్మల్ని అడక్కుండా నువ్వన్నాను. తప్పు చేశాను, క్షమించండి. మీరు వద్దనుకుని కాదు. మీరు కాదంటారేమోనని భయపడి అడగలేదు. మీకు అభ్యంతరం లేకపోతే మనిద్దరం నువ్వనుకుందాం. కొండమీదా, కిందా, అన్నిచోట్లా. మీరాలోచించుకోవాలంటే ఆలోచించుకోండి. నేను ఉంటాను."

చెయ్యి చాపాడు. ఫీనీ ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, అతని మొహం చూస్తూ, తొందరేం లేకుండా. చెట్ల వెనక రైలు కూత వేసుకుంటూ కిందికి దిగిపోయింది. తర్వాత కుడిచెయ్యి లంగాకి తుడుచుకుని అతని చేతిలో పెట్టింది.

"ఫీనీ," అంది.

"సెవెరిన్," అన్నాడు.

చేతులూపుకున్నారు. సెవెరిన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆపుకోలేదు, అలాగే నిలబడి ఏడ్చేశాడు. ఫీనీ సంచీలోంచి రొట్టె చుట్టిన కాగితపు రుమాలు తీసి ఇచ్చింది. అతను జున్ను వాసనేసే ఆ రుమాలుతో ముక్కు చీదుకుని, మళ్ళీ బండ మీద కూర్చుని బూటు తొడుక్కున్నాడు.

"ఇంకోటి కూడా అడగాలి నువ్వు," అంది ఫీనీ.

సెవెరిన్ లేసు వదిలేసి తలెత్తాడు.

"మీ అమ్మా, నువ్వూ మా ఇంటికి వచ్చి ఉంటారా?"

"అమ్మని అడిగావుగా. నన్నడుగు."

"నువ్వు వస్తావా, ఫీనీ?"

"సరస్సు కనపడే గది నాకిస్తే వస్తాను."

"అందులో పాత కరపత్రాలున్నాయి. నేలనుంచి కప్పుదాకా."

"నువ్వు తీసేయ్," అంది ఫీనీ.